నాయన గొంతు పట్టిన మైకు

మొన్న తిరుపతిలో ఉండే మనవరాలు ఫోన్లో రెండు మైకుల బొమ్మలు పంపి, పాటలు రికార్డు చేసుకోవడానికి తక్కువ ధరలో ఏది మంచిదో చెప్పమంది. వయసులో మైకుసెట్ల అంగడిలో పనిచేసినవాణ్ణి గదా, ఇంట్లో ఆ మాత్రం మర్యాద నాకింకా మిగిలింది. ఫ్యానూ కుక్కరూ మోగే ఇంటికి డైనమిక్ మైకే నయమని వెంటనే చెప్పేశాను గానీ, ఆ రోజంతా దేనిమీదా మనసు నిలవలేదు.

మా నాయన హరికథలు చెప్పేవాడు. ఎండాకాలం వస్తే మన చిత్తూరు పక్క పల్లెల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం ఉండేవని మీకు నేను చెప్పాలా, ఆ పగటి కథలు చాలా ఊళ్ళలో ఆయనవే. ఇంట్లో సాధన చేసేటప్పుడు అమ్మ వంటింట్లో సంగటి కెలుకుతూనే ప్రతి చరణం చివరి మాటలు అందుకుని వంత పాడేది. ఆమె అందుకునేదాకా ఆయన తర్వాతి చరణానికి పోయేవాడు కాదు.

అట్లాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలుస్తుంది గానీ మాట ఉండదని డాక్టరు చెప్పాడు. ఆ గొంతును ఎట్లాగైనా క్యాసెట్‌లో దాచుకోవాలని నాకు ఒకటే ఆరాటం. మా ఇల్లేమో బస్సుల రోడ్డును ఆనుకుని ఉండేది. మా అంగడి యజమాని తక్కువ ధర డైనమిక్ మైకు ఒకటి చూపించి, “ఇది నోటికాడ మాటే తీసుకుంటాదప్పా, ఆడా ఈడా గోల దీనికి పట్టదు” అన్నాడు. ఇంకేం కావాలని సంబరంగా కొని తెచ్చాను.

ఆ రోజు నాయన తనకిష్టమైన పెళ్ళి ఘట్టం ఎత్తుకున్నాడు. అమ్మను పక్కన కూర్చోమంటే, “నా గొంతెందుకురా, మీ నాయనది పడనీ సక్కంగా” అని పొయ్యి దగ్గరికే పోయింది. పోయిందే గానీ అలవాటు ఊరుకోనివ్వక అక్కడినుంచే వంత అందుకుంది. తర్వాత టేపు వేసి చూస్తే ఒక్క బస్సు హారను కూడా వినబడలేదు, నా ఎంపికకు నేనే మురిసిపోయాను.

నాయన బతికాడు, మాట పోయింది. ఎవరూ అనుకోనిది, ఏడాది తిరక్కముందే అమ్మ గుండె ఆగి వెళ్ళిపోయింది. కర్మలన్నీ అయ్యాక ఒకరోజు నాయన ఆ క్యాసెట్ పెట్టమని సైగ చేశాడు. తన గొంతు వినాలనిపించిందేమో అనుకుని పెట్టాను. చరణం ముగిసింది, టేపు కాసేపు ఊరికే తిరిగింది, మళ్ళీ చరణం మొదలైంది. ఆయన వంటింటి వైపు చెయ్యి చూపించి శబ్దం పెంచమన్నాడు. ఎంత పెంచినా ఆ ఖాళీల్లో టేపు బుసే తప్ప ఏమీ లేదు. ఆయన వెతుకుతున్నది అమ్మనని నాకప్పుడు అర్థమైంది. నాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే, ఆ ఏడుపుకూ శబ్దం లేదు. నేను టేపు ఆపేశాను.

ఇప్పుడు ఏ గొంతునైనా క్షణంలో పట్టుకోవచ్చు. పట్టుకునే ముందు మాత్రం తలుపులు మూసి, వంటింట్లోవాళ్ళను గమ్మునుండమంటాం. ఒకరు పాడుతుంటే ఇంకో గదిలోంచి అందుకునేవాళ్ళే కరువయ్యారు. నాయన కూడా పోయాక, ఆ క్యాసెట్ విన్నప్పుడల్లా ఆయన ఆగినచోట నాకు తెలియకుండానే నేను వంత అందుకుంటాను. అమ్మ పాడినట్టు రాదు.