రెండు పళ్ల రొట్టె

తందూరులోంచి తీసిన తొలి రొట్టెను దిలారామ్ కళ్లకద్దుకుని, బిస్మిల్లా అంటూ గుడ్డలో చుట్టేది. నీళ్లు మోసే ముసలాయన దారిలోనే కదా అని దాన్ని ఆమె పాత యజమాని అయిన వర్తకుడి ఇంటికి చేరవేసేవాడు. అక్కడి వంటింట్లో పనిచేసే ముసలి హమ్రా దాన్ని వేడివేడిగా తినాలి. ఖివా కోటలో ఖాన్ తల్లికి రొట్టెలు చేసే మనిషయ్యాక కూడా దిలారామ్ ఒక్క పొద్దూ ఈ పని మానలేదు.

ఇద్దరూ ఆ వర్తకుడింటికి బానిసలుగా వచ్చినవాళ్లే. ఏడుస్తూ వచ్చిన చిన్నపిల్ల దిలారామ్‌కు తడిచేత్తో తందూరు గోడకు రొట్టె అంటించడం నేర్పింది హమ్రాయే. వర్తకుడి తల్లి పోయేముందు అల్లా మెప్పు కోరి దిలారామ్‌ను బానిసతనం నుంచి విడిచిపెట్టింది. ఆ తర్వాత ఒక పెళ్లిలో ఆమె చేతి రొట్టె ఖాన్ తల్లి రుచి చూసింది. ఇక కబురు రావడమెంతసేపు! ఇప్పుడు ఒంటిమీద పట్టు అంగీ, కూర్చునేది ఆ పెద్దమ్మగారి పక్కన.

ఒకనాడు వర్తకుడు ఇల్లెత్తేసి బుఖారా పోతున్నాడని తెలిసింది. హమ్రానూ తీసుకుపోతాడట. దిలారామ్ రొట్టె పట్టుకుని పరుగెత్తింది. అక్కడి ఆచారం ప్రకారం ప్రయాణమయ్యేవాళ్లు ఒక ముక్క కొరికి వెళ్లాలి, మిగిలింది గోడకు వేలాడాలి, తిరిగొచ్చి వాళ్లే తినాలి. అంతవరకూ దాన్నెవరూ ముట్టరు.

"కొరుకమ్మా."

"బానిస కోసం ఎవరే రొట్టె వేలాడదీసేది, పిచ్చిదానా!"

"నేను."

"కొరకడానికి పళ్లేవీ? ఉన్నవి రెండే. అవీ ఒకదాని ముఖం ఒకటి చూసుకోవు."

ఇద్దరూ పకపకా నవ్వారు. కొరికాక మాత్రం హమ్రా కళ్లు తుడుచుకుంది.

ఆ వారమే ఖాన్ తమ్ముడు చిన్నఖాన్ కూడా ప్రయాణమయ్యాడు. పెద్దమ్మగారి గదిలో ఆయన రొట్టె పక్కనే దిలారామ్ గుండె దిటవు చేసుకుని హమ్రా రొట్టెనూ కట్టింది. ఎవరూ గమనించలేదు.

ఎండలు ముదిరేవేళకి చిన్నఖాన్ క్షేమంగా వచ్చాడు. డోళ్లు మోగాయి. ఎండి రాయైన రొట్టెను చాయ్‌లో ముంచుకు తింటుంటే తల్లి మురిసిపోయింది. తలెత్తి చూస్తే ఇంకో రొట్టె.

"ఇదెవరిదే? ఎలక కొరికినట్టుంది!"

"ఎలక కాదు తల్లీ, మా అమ్మ. కన్నది కాదు, పెంచింది. బుఖారాలో ఇంకా బానిసగానే ఉంది."

"నా కొడుకు రొట్టె పక్కనా?"

"తప్పే తల్లీ. పక్కనుంటే దానికీ దారి తెలుస్తుందేమోనని."

పెద్దమ్మగారు కడుపుబ్బా నవ్వింది. "ఇవాళ నేనేదీ కాదనను. అడుగు."

దిలారామ్ ఆమె అంగీ అంచు కళ్లకద్దుకుంది.

"ఆ రొట్టెను దించే చెయ్యి మా హమ్రమ్మదొక్కటే తల్లీ. ఆమెను విడిపించి, పిలిపించండి."