గేమ్ డబ్బాలో అక్క పొలం

నలభై ఒక్క ఎకరాల పన్నెండు గుంటల భూమి పోయింది. అందులో పత్తి పద్దెనిమిది ఎకరాల ఇరవై గుంటలు, మొక్కజొన్న పద్నాలుగు ఎకరాల ముప్ఫై రెండు గుంటలు, పొద్దుతిరుగుడు ఎనిమిదెకరాలు. పత్తి తీతకు సిద్ధంగా ఉంది. ఇరవై మూడు ఆవులు, రెండు ట్రాక్టర్లు, ఒక కోత మిషను, ఇంకో బస్తా పట్టనంతగా నిండిన గోదాము కూడా పోయాయి. వాన వల్ల కాదు, పురుగు వల్ల కాదు. బ్యాంకు జప్తు అసలే కాదు, ఆ పొలం మీద పైసా అప్పు లేదు. మణుగూరులో మా అక్క ఇంటి ముందుగదిలో, టీవీ కింద, ఒక గేమ్ డబ్బాలో ఉన్న పొలం అది. ఒక ఆదివారం మధ్యాహ్నం, అక్క పెట్టిన అన్నం తిని, చేయి కడుక్కుని వచ్చి మరీ నేనే దాన్ని పోగొట్టాను.

నేను ఖమ్మం మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం కాటా పక్కన నిలబడి నేర్చుకున్నాను. రైతు తెచ్చిన సరుకు తూకం, ధర, హమాలీ ఖర్చు రాసిచ్చే చీటీని మేం తక్‌పట్టీ అంటాం. దాని మూలన నా ఇనీషియల్ పడితే గాని దుకాణంలో డబ్బు కదలదు. రెండక్షరాలు, కింద ఒక గీత. ఆ గీత చివర ఎంత వంపు తిరగాలో కూడా నాకొక పట్టింపు ఉంది. లోకంలో ఏ పని ఆగినా, నా ఇనీషియల్ పడకనే ఆగి ఉంటుందని లోలోపల నమ్మే మనిషిని. ఈ కథంతా ఆ నమ్మకం వల్ల జరిగిందే.

గేమ్ డబ్బా మొదట మా బావది. ఓపెన్ కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు. నడుము పట్టేసి కొన్నాళ్లు సెలవులో ఉన్నప్పుడు, బదిలీ మీద పోతున్న తోటి ఉద్యోగి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కార్ల పందెం ఆడుదామని. గనిలో కొండంత బండిని వెనక్కి తిప్పే మనిషి, టీవీలో చిన్న కారును మొదటి మలుపు దాటించలేకపోయాడు. డబ్బాతో పాటు వచ్చిన వ్యవసాయం ఆట సీడీని అక్క ఒకరోజు ఊరికే పెట్టి చూసింది. అంతే, రిమోట్ మళ్లీ బావ చేతికి రాలేదు.

అక్కకు ఆ ఆట ఎందుకు అంత పట్టిందో చెప్పాలి. మాది కల్లూరు దగ్గర ఊరు. మా నాయన జీవితమంతా కౌలుకే చేశాడు. నాట్లు మావి, కోత మాది, గెట్టు మాత్రం ఎప్పుడూ ఇంకొకరిది. అక్క పెళ్లయ్యేదాకా ఆ పొలాల్లోనే పని చేసింది. తర్వాత మణుగూరు క్వార్టర్స్‌కు వెళ్లింది. అక్కడ మల్లెతీగ పెట్టుకోవడానికి కూడా సిమెంటు పగలగొట్టాలి. ఆటలో మొదట నాలుగెకరాలు అప్పు మీద కొంది. పంట అమ్మి ముందు ఆ అప్పు తీర్చింది. ఆ తర్వాత ఒక్కో భూమి చెక్కా కలుపుకుంటూ పోయింది. తెర మీద ప్రతి చెక్కకూ ‘ఓనర్’ అని ఉండి, పక్కన అక్క పేరు ఉండేది. మా ఇంట్లో ఎవరి పేరైనా ఒక భూమి పక్కన కనబడడం అదే మొదలు.

ఆటలో భూమి హెక్టార్లలో ఉంటుంది. మాకు ఎకరాలు, ఎకరానికి నలభై గుంటలు. కొన్నప్పుడల్లా నాకు ఫోన్ వచ్చేది.

“తమ్ముడూ, మూడు పాయింట్ రెండు హెక్టార్లంటే మన లెక్కల ఎంతరా?”

“ఏడెకరాల ముప్ఫై ఆరు గుంటలు.”

“ఎనిమిదెకరాలు అనుకోరాదూ?”

“నాలుగు గుంటలు తక్కువుంది. అనుకోవద్దు.”

“నీ పెళ్లాం ఎట్ల ఏగుతుందో నీతోని,” అని పెట్టేసేది. ఆ పొలం లెక్క గుంటలతో సహా నాకు తెలియడం ఇలాగే.

ఒక శనివారం పొద్దున బావ ఫోన్ చేశాడు.

“బామ్మర్దీ, మీ అక్క పొలానికి గండం వచ్చింది. డబ్బా అప్‌డేట్ అడిగింది, సరే అన్నం. సగంల ఉండంగ గాలిదుమారానికి కరెంటు పోయింది. ఇప్పుడు పొలం లేదు, ఏం లేదు. పెన్‌డ్రైవ్‌ల అప్‌డేట్ ఫైలు తెచ్చి పెట్టుమంటుంది. మీ దుకాణంల కంప్యూటర్ ఉంది గద.”

వెనక నుంచి అక్క గొంతు వినబడింది. “పత్తి తీతకొచ్చిందని చెప్పు. జల్దీ రమ్మను.”

డబ్బాను అక్కడి షాపులో ఇస్తే సరిపోయేది. కానీ నన్ను అడిగారు కదా, నాకు తెలియదని ఎలా అంటాను?

ఆ సాయంత్రం దుకాణం కంప్యూటర్‌లో ఫైలు దింపడం మొదలుపెట్టాను. పదకొండు వందల ఎంబీ చిల్లర రావాలి. వెయ్యి దాటాక నెట్ ఆగింది. సేటు దుకాణం మూయడానికి తాళం పట్టుకుని నిలబడ్డాడు. యార్డులో సరుకు ఏదైనా బస్తాకు ఇంత అని తరుగు తీస్తాం. తేమ ఉంటుంది, తాలు ఉంటుంది. పదకొండు వందలకు వంద తరుగు కొంచెం ఎక్కువే గాని, మిర్చిలో అంతకన్నా అన్యాయాలు చూశాను. సగంలో ఆగిన ఫైలు పేరు చివర ఏదో తోక వేలాడుతుంటే దాన్ని కూడా కత్తిరించి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి జేబులో వేసుకున్నాను.

మర్నాడు పొద్దున బస్సులో, ఈ డబ్బాల లోపల ఏముంటుందో చెప్పే వీడియో ఒకటి పెట్టుకున్నాను. చెప్పేవాడు బాగానే చెప్పాడు. డబ్బాలో అన్నిటికన్నా అడుగున, ఫ్యాక్టరీలోనే చిప్‌లో ముద్ర వేసిన చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అది ఎన్నటికీ మారదు. డబ్బా ఆన్ చేయగానే అది లేచి, తన పై అంతస్తు మీద కంపెనీ సంతకం ఉందో లేదో చూస్తుంది. ఉంటేనే దాన్ని లేపుతుంది. అది లేచి తన పైదాని సంతకం చూస్తుంది. ఇలా ఒకదాని మీద ఒకటిగా వెళ్లి చివరికి మన కంటికి కనబడే మెనూ వస్తుంది. ఇదంతా కలిపి సిస్టమ్ సాఫ్ట్‌వేర్. అప్‌డేట్ ఫైలు కూడా సంతకంతోనే రావాలి. సంతకం సరిపోకపోతే డబ్బా దాన్ని గడప దాటనివ్వదు.

నాకు ఒళ్లు పులకరించింది. ఇది మా దుకాణమే! కాటా దగ్గర ఒక సంతకం, గుమస్తా దగ్గర ఒకటి, సేటు దగ్గర ఒకటి. ఎవడో మహానుభావుడు మా యార్డు చూసే ఈ డబ్బా కట్టాడనిపించింది. “ఇక మనం దాచుకున్న ఆటలు ఎక్కడుంటాయంటే...” అని అతను మొదలుపెట్టాడు. పాల్వంచ దాటి బస్సు అడవిలో దూరింది. సిగ్నల్ పోయింది. గుండ్రం తిరుగుతూ వీడియో ఆగిపోయింది. నేర్చుకోవలసింది నేర్చుకున్నాననుకుని కిటికీకి తల ఆనించి నిద్రపోయాను.

భోజనం అయ్యాక పెన్‌డ్రైవ్ పెట్టాను. అక్క నా పక్కన కింద కూర్చుంది. బావ మంచం మీద. తెర మీద ఇంగ్లీషులో వరస నంబర్లతో ఒక మెనూ వచ్చింది. మూడోది అప్‌డేట్. నొక్కాను. కాసేపు ఆలోచించి డబ్బా, ఫైలు చెల్లదని చెప్పింది.

“ఏమంటుందిరా?” అంది అక్క.

“చెల్లదంటుంది. అంటే ఎక్కడో సంతకం తక్కువైంది.”

“పెన్‌డ్రైవ్‌కు సంతకమేంది?” అన్నాడు బావ.

“ఉంటది బావా. లోపల అంతా సంతకాల మీదనే నడుస్తది.” ఇంకా రెండు మాటలు ఎక్కువే చెప్పాను. బావ నోరు తెరిచి విన్నాడు. ఆ నోరు చూశాకే నాకు ఒళ్లు తెలియలేదు.

మళ్లీ మెనూ చూశాను. ఆరో నంబర్ దగ్గర ‘ఇనీషియలైజ్’ అని ఉంది.

నా ముఖం వెలిగి ఉండాలి. “ఇదిగో! ఇనీషియల్ అడుగుతుంది. మనం వేయలే, అందుకే ఆగింది.”

నొక్కాను. పెద్ద పేరా ఒకటి సన్న అక్షరాల్లో వచ్చింది, కింద అవును, కాదు అని రెండు గళ్లు.

“గంత రాసింది, ఏందో సదువు తమ్ముడూ,” అంది అక్క.

“రూల్సక్కా. మా తక్‌పట్టీల కింద కూడా ఉంటయి. ఎవ్వరూ సదువరు.”

అవును అని నొక్కాను. మళ్లీ అడిగింది. రెండు చోట్ల ఇనీషియల్ అడగడం మాకూ ఉన్నదే. మళ్లీ నొక్కాను. ఒక గీత నెమ్మదిగా నిండింది. దాని చివర మాత్రం వంపు లేదు.

నిండాక డబ్బా మళ్లీ అదే ఫైలు అడిగింది. బావ నన్ను బండి మీద ఎక్కించుకుని బస్టాండ్ దగ్గర సెల్‌ఫోన్ షాపుకు తీసుకుపోయాడు. అక్కడ పూర్తి ఫైలు ఎక్కించుకుని వచ్చాం. ఈసారి ఏ గొడవా లేకుండా అప్‌డేట్ అయింది. డబ్బా తళతళలాడుతూ తెరుచుకుంది. మీ భాష ఏది, మీ పేరేమిటి అని మర్యాదగా అడిగింది. ఆ మర్యాద చూసే నాకు మొదటి అనుమానం వచ్చింది. పాతవాళ్లను ఎవరూ పేరు అడగరు.

అక్క రిమోట్ తీసుకుని ఆట తెరిచింది. ‘కొత్త ఆట’ అని ఒక్కటే ఉంది. రెండుసార్లు వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది.

“నా పొలమేదిరా?”

నేను పెన్‌డ్రైవ్ తీసి తుడిచాను, అందులో ఏదైనా మిగిలి ఉందేమోనన్నట్టు.

బావ అన్నాడు, “పోనియ్యే, నా కార్లు కూడ పోయినయ్. నేనేమన్న ఏడుస్తున్ననా?”

“నీ కారు మొదటి మలుపు దాటితే గద పోవడానికి,” అంది అక్క. నవ్వలేదు. నా వైపు తిరిగింది. “ఓనర్ అన్నకాడ నా పేరుండె.”

లేచి వెళ్లి టీ పెట్టి తెచ్చింది. చక్కెర లేదు. మరిచిపోయిందో, కావాలనే వేయలేదో అడిగే ధైర్యం లేక మొత్తం తాగాను.

తిరుగు బస్సులో అడవి దాటాక మిగతా సగం వీడియో విన్నాను. మనం దాచుకున్న ఆటలు సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండవట. వాటికి పక్కన వేరే గది ఉంటుంది. అప్‌డేట్ చేసేటప్పుడు సిస్టమ్ ఉన్న గదిలోనే పాతది తీసి కొత్తది పెడతారు, పక్కగది తలుపు కూడా ముట్టరు. మధ్యలో కరెంటు పోయినా పొలం పొలంలాగే ఉంటుంది, సరైన ఫైలు పెడితే చాలు. అంటే గాలిదుమారం రోజున అక్క పొలానికి ఏమీ కాలేదు. ఆదివారం మధ్యాహ్నం నేను అన్నం తింటున్నప్పుడు కూడా పత్తి తెల్లగా నిలబడే ఉంది. ఇనీషియలైజ్ అంటే సంతకం కాదు, మొదటికి తీసుకుపోవడం. డబ్బా కట్టినవాళ్లు అక్క పొలం చుట్టూ గోడ కట్టి, ఒకే గేటు పెట్టి, పోతే తిరిగి రాదని దాని మీద రాసి, నిజంగానా అని రెండుసార్లు అడిగారు. నేను రెండు ఇనీషియళ్లు వేసి లోపలికి ట్రాక్టర్ తోలాను.

ఆశ చావక, పాత వెర్షన్‌కు తీసుకుపోతే పొలం కూడా వెనక్కి వస్తుందా అని కూడా వెతికాను. డబ్బా తన కన్నా చిన్న నంబరున్న ఫైలును తీసుకోదట. తీసుకున్నా లాభం లేదు. పోయింది పక్కగదిలోది.

ఆ వారం అక్కకు ఫోన్ చేసి, కొత్త సీడీలు కొనిస్తానన్నాను.

“సీడీలేం జేసుకోను? నా భూమి నాకు కట్టియ్యి. పోగొట్టినోడే దున్నాలె.”

అప్పటి నుంచి వీలైన ఆదివారమల్లా మణుగూరు వెళ్లి అక్క ముందుగదిలో వ్యవసాయం చేస్తున్నాను. నేను దున్ని, పండించి, అమ్మి కొన్న భూమి, ఆవులే నా బాకీలో జమ. మొదటి రోజు ట్రాక్టర్‌ను వాగులో పడేశాను. రెండో రోజు దాన్ని తీయడానికి వెళ్లిన ట్రాక్టర్‌ను పడేశాను. గుమ్మంలోకి ఎవరు వచ్చినా బావ, “మా జీతగాడు. ఖమ్మం నుంచి పిలిపించినం. తిండికి ఎక్కువ, పనికి తక్కువ,” అని పరిచయం చేస్తాడు. అక్క పక్కన కూర్చుని, “సాలు వంకర పోతుంది, కండ్లు కనపడతలేవా?” అంటుంది. మా నాయన కూడా నా సాలు చూసి ఇదే మాట అనేవాడు. అందుకే నన్ను కాటా దగ్గరికి పంపించాడు.

వారం మధ్యలో అక్క తన ఆట తను ఆడుతుంది. ఈమధ్య ‘ఓనర్’ పక్కన ఆమె పేరున్న చెక్కలన్నీ కలిపి చూస్తే, పోయిన పొలం కన్నా ఎక్కువే ఉంది. ఆ మాటే అన్నాను.

“ఇక నా బాకీ తీరినట్టే గద అక్కా?”

“అది నేను కొన్నది. నీ బాకీ నీదే.”

మొన్న వెళ్లినప్పుడు డబ్బా మళ్లీ అప్‌డేట్ అడిగింది. అలవాటుగా చేయి చాపాను. అక్క రిమోట్ వెనక్కి లాక్కుంది. “నువ్ గా గోడకాడ కూసో.” ముందు పొలాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంది. బావను బయటికి పంపి కరెంటు వాళ్లు లైన్ మీద ఉన్నారేమో కనుక్కుంది. తెర మీద వచ్చిన సన్న అక్షరాలు పైకి చదివింది, అర్థం కాని మాట దగ్గర ఆగి, ఫోన్‌లో వెతికి మరీ చదివింది. అప్పుడు నొక్కింది. గీత చివరిదాకా నిండింది. డబ్బా తెరుచుకోగానే పత్తి కనబడింది.

సాయంత్రం లెక్క చూసుకున్నాం. ఇప్పటిదాకా ముప్ఫై రెండెకరాలు కట్టాను. ఇంకా తొమ్మిదెకరాల పన్నెండు గుంటలు ఉంటుందన్నాను.

“తరుగు తియ్యవా?” అంది అక్క.

“దేనికి తరుగు?”

“నువ్ వాగుల పడేసినయి, వంకర సాళ్లు, తొక్కిన మొక్కజొన్న. ఎకరానికి రెండు గుంటలు. మీ యార్డుల తియ్యరా?”

బావ మంచం మీద పొర్లి నవ్వాడు. నేను లెక్క వేశాను. ఎకరానికి రెండు గుంటలంటే యార్డు లెక్కన న్యాయమే. ముప్ఫై రెండెకరాలకు అరవై నాలుగు గుంటలు, అంటే ఎకరం ఇరవై నాలుగు. జమ పడింది ముప్ఫై ఎకరాల పదహారు గుంటలు. ఆవులకు తరుగు లేదంది, నేను కొనిచ్చిన పదిహేడూ పదిహేడుగానే తీసుకుంది. ఆ లెక్క ప్రకారం ఈ రోజుకు నేను మా అక్కకు బాకీ ఉన్నది పదెకరాల ముప్ఫై ఆరు గుంటలు, ఆరు ఆవులు.