కూర్చుని వాయించలేని మనిషి

మొన్న మా మైదుకూరు వీధిలో పెళ్ళి ఊరేగింపు పోతుంటే, ఆ డీజే బండి మోతకు వంటింటి గూట్లో గ్లాసులన్నీ గలగలమన్నాయి. చెవులు మూసుకుని మా ఆయన వైపు చూస్తే, వాకిట్లో కుర్చీలో కూర్చున్న మనిషి కాళ్ళు మాత్రం నేల మీద అడుగులు వేస్తూనే ఉన్నాయి. ఆ కాళ్ళను చూడగానే ఇరవై ఏళ్ళ కిందటి కడప సాయంత్రం గుర్తుకొచ్చింది.

మా ఆయన నూనె మిల్లులో ఉద్యోగం వదిలేసి పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ పట్టుకున్ననాటి నుంచి మా అన్నకు తల కొట్టేసినట్టుండేది. కిరాణా అంగడి పెట్టుకుని పరువుగా బతికే మనిషి, నలుగురిలో ఒక్కనాడు కూడా ఈయనను బావ అని పిలిచిన పాపాన పోలేదు. తన కూతురి పెళ్ళిలో వియ్యంకులు ఈయనెవరని అడిగితే, "మనకు తెలిసినాయనే" అని మాట దాటేశాడు. మా ఆయన నవ్వేసి బంతిలో కూర్చున్నాడు గానీ, నేను ఆ పూట పెళ్ళిభోజనం ముట్టలేదు.

అట్లాంటి రోజుల్లో కడపలో పాత సినిమా పాటల కచేరీ పెట్టారు. వయొలిన్లు, సితారు, తబలా, అకార్డియన్, అన్నీ మనుషులే వాయించే నిండు ఆర్కెస్ట్రా; మన వయసువాళ్ళకు అంతకన్నా పండగేముంటుంది? వాళ్ళ క్లారినెట్ ఆయన జ్వరంతో పడితే, ఎవరో చెప్పగా మా ఆయనకు కబురొచ్చింది. పాటకు ముందొచ్చే వాద్యాల ముక్కలతో సహా ఆ పాటలన్నీ ఈయనకు నోటికొచ్చు. చిక్కల్లా ఒక్కటే, అక్కడ కుర్చీలో కూర్చుని వాయించాలి. పెళ్ళికొడుకు కారు ముందు నడుస్తూ వాయించీ వాయించీ, ఇంట్లో సాధన కూడా వాకిలికీ పెరటికీ తిరుగుతూనే చేసేవాడు. "నడవకపోతే నాకు ఊపిరే రాదు మేయ్" అని బస్సులో దారి పొడవునా గొణిగాడు. "శానా చెప్పినావులే, ఈ ఒక్కపూట కుదురుగా కూచో" అని కసిరాను.

తీరా హాలులో నా ముందు వరసలో ఎవరున్నారనుకున్నారు? మా అన్నే! పాత పాటలంటే చెవి కోసుకునే మనిషి కదా, కడప షావుకార్లతో కలిసి వచ్చాడు. స్టేజీ మీద మా ఆయనను చూడగానే తల దించేసుకున్నాడు. ఈరోజు గనక ఈయన వాయింపులో తప్పితే, ఇక జన్మలో ఆ ఇంట్లో ఈయనకు మర్యాద దక్కదనుకున్నాను.

మొదటి పాటలో అంతపనీ అయింది. కూర్చున్న మనిషికి ఊపిరి అందక క్లారినెట్ కీచుమంది, వెనకనుంచి కుర్రకారు గొల్లున నవ్వారు, మా అన్న తల ఇంకా కిందికి పోయింది. నేను మహానందీశ్వరుడికి మొక్కేసుకున్నాను.

రెండో పాట మొదలే క్లారినెట్‌తో. మా ఆయన ఆ కుర్చీని ఒకసారి చూసి, లేచి నిలబడ్డాడు. మైకును వెనకే వదిలేసి, ఊరేగింపులో నడిచినట్టే స్టేజీ అంచు వెంబడి అడుగులు వేస్తూ అందుకున్నాడు. మైకు చూసుకునే అతను వైరు పట్టుకుని వెంటపడ్డాడు గానీ, నడివీధిలో టపాకాయల మధ్య వినబడేలా ఊదిన మనిషికి మైకెందుకండీ! చివరి వరస దాకా ఆ నాదం నిండిపోయింది. వయొలిన్లు వెంట వచ్చాయి, పాడే అమ్మాయి గొంతు కలిపింది, హాలు హాలంతా పల్లవి అందుకుంది, నాకు ఒళ్ళు పులకరించి ఏడుపొచ్చేసింది. ఇందాక నవ్విన కుర్రాళ్ళే వన్స్‌మోర్ అంటూ బెంచీలెక్కారు.

అన్న పక్కనున్న షావుకారు, "ఎవరప్పా ఆయప్ప? యాడనుంచి పిలిపించినారు?" అని అడిగాడు. మా అన్న లేచి నిలబడి, ఆ చప్పట్లలో కూడా వినబడేలా, "మా బావప్పా! మా చెల్లెలి మొగుడు!" అని అరిచాడు. నేను వెనకే ఉన్నానని అన్నకు తెలియదు.

ఇప్పుడు మా అన్న లేడు. మా ఆయనకు పళ్ళూడి, క్లారినెట్ పెట్టెకెక్కింది. పెళ్ళికొడుకు కారు ముందు నడుస్తూ వాయించే మనుషులే లేకుండా పోయారు. పిల్లలకు ఎగిరి చిందులెయ్యడానికి ఆ డీజే డబ్బాలే బాగుంటాయేమో, కాదనను. కానీ ఆ డబ్బా ఎంత మోగితేనేం, దాన్ని చూపించి, మా బావప్పా అని లేచి నిలబడి చెప్పుకునేవాడెవడు?