రెక్క విప్పే ముందు

మా మేడం ఇక లేరన్న కబురు మూసాపేట మెట్రో మెట్లెక్కుతుండగా వచ్చింది. "పొద్దుగాల చాయ్ తాగింది బిడ్డా, కూసున్న కాడనే పోయింది" అన్నారు ఫోన్లో ఆమె చెల్లెలు. ఆమె వర్క్‌షాపు అక్కడికి రెండు వీధుల దూరం. రైలెక్కకుండా అటే నడిచాను.

ఆమె నాకు శిల్పం నేర్పిన గురువు. రాయి, మట్టి కాదు, కదిలే శిల్పాలు ఆమె పని. రేకు కోయబోయే ముందు చేతి గాజులు తీసి, దగ్గరున్న శిష్యురాలికి తొడిగేవారు. పని ముగిసేదాకా అవి మావే. ఎవరైనా తన పనిని మెచ్చుకుంటే, "నాకు చెప్పకు, మల్ల వచ్చి చూడు" అనేవారు.

ఆమె చేసినవాటిలో పదిమందీ ఎరిగింది మాదాపూర్‌లో ఒక ఆఫీసు లాబీలో వేలాడుతూ మోటారుతో రెక్కలాడించే స్టీలు కొంగ. అది పెట్టిన కొద్దిరోజులకే అక్కడి మేనేజరు మమ్మల్ని పిలిపించాడు.

"ఏమనుకోకండి మేడం. మావాళ్లెవరూ తలెత్తి చూడట్లేదు. ఫ్యాన్ తిరిగినట్టే ఉందంటున్నారు. తీసేసి పెద్ద స్క్రీన్ పెడదామని పైవాళ్ల ఆలోచన."

నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం, "ఒక్క వారం టైమియ్యి" అని లేచారు. బయటికొచ్చాక, "ఆయన అబద్ధం చెప్పలే. రెక్కలు గడియారం లెక్క కొట్టుకుంటున్నయి" అన్నారు.

కొంగ వర్క్‌షాపుకు తిరిగొచ్చింది. ఆమె వెంటనే దాని జోలికి పోలేదు. గుమ్మంలో కూర్చుని వీధి పిల్లులను, గోడమీది పావురాలను చూస్తూ గడిపారు. ఆ తర్వాత మోటారు విప్పారు. ఈసారి ముందు మెడ తిరగాలన్నారు. తిరిగి, ఊరికే ఆగాలి. అప్పుడొక రెక్క లేవాలి, రెండోది కాస్త వెనకగా.

స్విచ్ వేసినప్పుడు నేను ఎదురుగా ఉన్నాను. మెడ నావైపు తిరిగి ఆగింది. నాకు తెలియకుండానే ఓ అడుగు వెనక్కి వేశాను.

"ఎందుకు జరిగినవ్?"

"నన్ను చూసినట్టనిపించిందండి."

"రేకు చూస్తదా?"

"చూడదని తెలుసండి. అయినా జరిగాను."

ఆమె ముఖం వెలిగిపోయింది. "కదిలే ముందు జర ఆగితే చాలు, ఏదో ఆలోచిస్తుందనుకుంటం. పాణం మనమే పోస్తం బిడ్డా. నేను రేకు కోసిన, అంతే."

అంతే కాదు. ఆ మాట అప్పుడు అనలేకపోయాను, ఇప్పుడంటున్నాను. అరవై దాటిన వయసులో, అందరూ వద్దన్న పనిని విప్పి మళ్లీ బిగించిన మనిషి ఆమె. ఆమె దగ్గర నేర్చుకున్నానని చెప్పేటప్పుడు ఇవాళ్టికీ నా గొంతు కాస్త పెద్దదవుతుంది.

కొంగను మళ్లీ పెట్టిన ఉదయం లిఫ్టుల ముందు జనం ఆగిపోయారు. "ఎగురుతదేమో ఆగు" అని ఒకమ్మాయి స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది. మేనేజరు మోగుతున్న ఫోను సంగతే మరిచాడు. స్క్రీన్ మాట మళ్లీ రాలేదు.

లాబీలో అందరి కళ్లూ పైనే. మా మేడం ఒక్కరే కొంగకు వీపు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి, పైకెత్తిన ఆ ముఖాలను ఒక్కొక్కటిగా చూస్తున్నారు.