కొక్కేనికి తగిలించని బిళ్ల

మా మామగారు కనకయ్య ఇరవై ఆరేళ్లు కోలార్ గనుల్లో బంగారం తవ్వారు. ఆయన వేలికి మాత్రం ఏనాడూ ఉంగరం లేదు. ఈ మాట నా పెళ్లిలో నేనే అందరి ముందూ నవ్వుతూ అన్నాను. ఆయన కూడా నవ్వారు. ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

అత్తమ్మ పోయిన రెండేళ్లకు, 2020 ఫిబ్రవరిలో, మూడు నెలల వీసా మీద జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో మా ఇంటికొచ్చారు. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. వేసవిలో మళ్లీ మొదలయ్యాయి గానీ మేం పంపలేదు. ఆయన ఊపిరితిత్తులు బాగాలేవు, ఈ రోజుల్లో ప్రయాణం మంచిది కాదని చుట్టాలందరికీ చెప్పాం. అసలు సంగతి వేరు. పిల్లల్ని చూసుకునే కీటా మూసేశారు, నాకూ నా భర్త శశాంక్‌కూ ఇంట్లోనే ఆఫీసు, మా ఐదేళ్ల కూతురు మనోజ్ఞను చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. వీసా ఆఫీసులో టెర్మిన్ అనే అపాయింట్‌మెంట్ కోసం పొద్దున్నే లేచి కంప్యూటర్ ముందు కూర్చుని మరీ ఆయన వీసా పొడిగించాం. ప్రేమతోనే అనుకున్నారాయన.

ఆయనకొక అలవాటుండేది. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ల ఉంటుందట, దాని మీద అతని నంబరు. దిగే ముందు దాన్ని పైన బోర్డు కొక్కేనికి తగిలించాలి, పైకొచ్చాక తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక కూడా కొక్కేనికి బిళ్ల మిగిలిందంటే, లోపల మనిషి మిగిలాడని అర్థం. పైనున్నవాళ్లు అక్కణ్నుంచి కదలకూడదు. 2001లో గనులు మూసినా తన బిళ్లను ఆయన దాచుకున్నారు. పొద్దున పార్కుకు వెళ్లేటప్పుడు మా గుమ్మం పక్కన తాళాల కొక్కేనికి తగిలించి వెళ్లేవారు, రాగానే తీసి జేబులో వేసుకునేవారు. మనోజ్ఞ దాన్ని కాపలా కాసేది.

రాతి దుమ్ము ఆయనకు దగ్గు మిగిల్చింది. ఆ ఏడాది దగ్గడమంటే హత్య చేయడంతో సమానం. దుకాణంలో ఆయన ఒకసారి దగ్గితే వరుస మొత్తం ఖాళీ. ఆగస్టులో డాక్టరుకు చూపిస్తే పరీక్షలన్నీ చేసి, ఇది దుమ్ము వల్ల వచ్చిన పాత జబ్బు, ఎవరికీ అంటదు అని సంతకం పెట్టి కాగితం ఇచ్చాడు. దాన్ని నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

అక్టోబరు మొదట్లో శశాంక్ ఆఫీసులో ఎవరో గోల్డ్‌క్రోనాఖ్ గురించి చెప్పారు. బైరాయిట్ దాటాక చిన్న ఊరు, వందల ఏళ్లు బంగారం తవ్విన చోటు, పాత గనిలోకి జనాన్ని తీసుకెళ్లి చూపిస్తారట. వినగానే మామయ్య ముఖం మారిపోయింది. శశాంక్ చిన్నప్పుడు, నీకు పద్దెనిమిదేళ్లు రాగానే లోపలికి తీసుకెళ్లి చూపిస్తానని మాట ఇచ్చారట. అతనికి పద్నాలుగేళ్లప్పుడే గనులు మూతపడ్డాయి.

"ఒక్కతూరి నాతో లోపలికి రారా నాయినా. మీ నాయన యాడ పనిజేసినాడో నీకూ తెలియాల గదా" అన్నారు. శశాంక్ ఫోన్‌లోంచి తలెత్తకుండా సరే అన్నాడు.

ఆ ఆదివారం ఆయన నాలుగింటికే లేచారు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు, బూట్లు తుడుచుకున్నారు. దారి పొడుగునా మనోజ్ఞకు పాఠం. లోపలికెళ్లగానే పైకప్పును కడ్డీతో తట్టాలి, గణగణమంటే మంచి రాయి, డొల్లగా మోగితే పక్కకు జరగాలి. బయట కొండల నిండా ఆకులు పసుపూ ఎరుపూ అయ్యి ఉన్నాయి. ఆయన ఒక్కసారి కూడా అటు చూడలేదు.

గని ముందు మీటరున్నర దూరం పాటిస్తూ నిలబడ్డాం. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు లోపలికి రావద్దని బోర్డు ఉంది. సరిగ్గా అప్పుడే ఆయనకు దగ్గొచ్చింది. ముందున్న ఆవిడ తన పిల్లను దగ్గరికి లాక్కుంది. శశాంక్ నా వైపు చూశాడు. కష్టమైన మాటలు నా నోటితో చెప్పించడం అతనికి బాగా అలవాటు. కాగితం నా బ్యాగులోనే ఉంది. తీసి చూపిస్తే సరిపోయేది, అయినా కుదరదంటే ఆ మాట గనివాళ్లే చెప్పేవాళ్లు. కానీ అందరి ముందూ నిలబడి, ఈయన రాయి కొట్టుకునే కూలీ, ఆ దుమ్ము వల్ల దగ్గు అని నా నోటితో చెప్పడానికి నాకు సిగ్గేసింది. దాచడమెందుకు, సిగ్గే.

"మామయ్యా, దగ్గున్నవాళ్లని రానివ్వరట. మీరిక్కడే ఉండండి, మేం చూసొస్తాం."

ఆయన గని ఇనుప తలుపు వైపు ఒకసారి చూశారు. తర్వాత, "సరేలే మా. మీ ముగ్గురివీ ఏమన్నా నా చేతిలో పెట్టి పోండి. వొచ్చినాక తీసుకుందురు" అన్నారు. శశాంక్ విననట్టు ముందుకు నడిచాడు. నేనూ నడిచాను. మనోజ్ఞ మాత్రం జుట్టుకున్న క్లిప్పు తీసి ఆయన చేతిలో పెట్టింది.

లోపల గైడ్ కర్రతో కప్పు తట్టి వినిపించాడు. మా ఓపాకూ ఇది వచ్చు, ఓపా బంగారం తవ్వాడు అని మనోజ్ఞ తాత గురించి జర్మన్‌లో గట్టిగా అంది. గైడ్ ఆశ్చర్యంగా మా వైపు తిరిగాడు. పిల్లలు ఏవో కథలు చెబుతుంటారని శశాంక్ నవ్వేశాడు.

కరోనా వల్ల లోపలికి ఒక దారి, బయటికి మరో దారి పెట్టారు. కొండకు అవతలి వైపున తేలాం. అక్కడ బల్లలు వేసి ఆపిల్ కేకు అమ్ముతున్నారు. చినుకులు మొదలైతే గొడుగు కింద చేరి తిన్నాం, ఫొటోలు తీసుకున్నాం. ముప్పావుగంట గడిచాక మనోజ్ఞ జుట్టు తడుముకుని, "మైనే ష్పాంగే?" అని తన క్లిప్పు అడిగింది.

పరుగెత్తాం. ఆయన వానలో తడుస్తూ, మూసిన ఇనుప తలుపును అరచేత్తో బాదుతున్నారు. శశాంకూ, మనోజ్ఞా, వైశాలీ అని ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు, మధ్యలో దగ్గు. అందరూ వెళ్లిపోయారని టికెట్లమ్మే ఆవిడ జర్మన్‌లో పదే పదే చెబుతోంది. లోపల ఏదో జరిగిందని చెబుతోందనుకుని ఆయన ఇంకా గట్టిగా బాదుతున్నారు. జనం దూరంగా నిలబడి చూస్తున్నారు.

"ఏంది నాన్నా ఇది? అందరూ చూస్తా ఉండారు" అన్నాడు శశాంక్.

ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, ముగ్గురూ వచ్చారని తనలో తాను అనుకున్నారు. పిడికిలి విప్పి క్లిప్పు మనోజ్ఞకు ఇచ్చారు. పట్టుకున్న బిగికి అది వంగిపోయింది. కాగితం సంగతి అప్పుడైనా చెప్పి కాళ్లు పట్టుకోవాల్సింది. తుడుచుకోమని తువ్వాలు ఇచ్చాను.

తర్వాత మూడు వారాలకు, ఇంటికి పోతానని ఆయనే అడిగారు. కీటా అప్పటికే తెరిచారు కాబట్టి మాకూ అడ్డు చెప్పాల్సిన పని లేకపోయింది. విమానాశ్రయంలో కౌంటరు దగ్గర దగ్గొచ్చింది. అక్కడున్న అమ్మాయి పాస్‌పోర్టు పక్కన పెట్టి అనుమానంగా చూసింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బ్యాగులోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆమె చదివి, క్షమించమని చెప్పి బోర్డింగ్ పాస్ ఇచ్చింది. అరనిమిషం పట్టింది.

ఆయన ఆ కాగితం తన చేతిలోకి తీసుకున్నారు.

"ఇది ఆ పొద్దు గని కాడ గూడా నీ బ్యాగులోనే ఉన్నెనా మా?"

"లేదు మామయ్యా, ఆ రోజు ఇంట్లో మర్చిపోయాను."

ఆయన తలూపారు. నెలల తరబడి బ్యాగులో ఉండి మడతలు నలిగి అంచులు చిరిగిన ఆ కాగితాన్ని మెల్లగా మడిచి, తిరిగి నా చేతిలో పెట్టారు. శశాంక్ భుజం తట్టారు. లోపలికి వెళ్లబోతుంటే మనోజ్ఞ చేయి చాపింది, "తాతా, బిళ్ల?"

ఆయన జేబు మీద చేయి వేసుకున్నారు. బిళ్ల జేబులోనే ఉంది.

"వొద్దులే తల్లీ, నా దగ్గిరే ఉండనీ. నా కోసరం ఈడ ఎవురూ కాసుకోని ఉండే పన్లేదు."

మాస్కు సర్దుకుని నడుచుకుంటూ వెళ్లిపోయారు.