లేని చుక్కకి కృతజ్ఞత కూడిక

మా గనుల ఊరు కిరండూల్ రైల్వే క్వార్టర్సులో ఎవరికి మంచి జరిగినా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాల్సిందే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా క్రైస్తవ కుటుంబాల అలవాటది. ఉద్యోగం వచ్చినా, జ్వరం తగ్గినా, కొండచరియ విరిగిపడినప్పుడు బండి తప్పించుకున్నా పాస్టరు గారొస్తారు. పాటలు, ప్రార్థన, ఆ తర్వాత కోడికూర భోజనం. ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండ్ల మీద గార్డుగా చేసే మా నాన్న అందరి కూడికలకీ వెళ్ళి తినొచ్చేవాడు. మా ఇంట్లో మాత్రం ఒక్కటీ జరగలేదు. "మన వంతు ఎప్పుడొస్తాదో" అని నవ్వుతూనే అనేవాడు గానీ, ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

ఆయన రిటైరయ్యే ముందు నా వల్ల ఆ వంతు వచ్చింది. వచ్చిందనుకున్నాం.

జంట నక్షత్రాల దగ్గర తిరిగే గ్రహాల్ని నేరుగా ఫోటో తీయడం నా పని. నక్షత్రం వెలుగులో గ్రహం కంటికి ఆనదు. అందుకని టెలిస్కోపులో నక్షత్రానికి అడ్డంగా చిన్న బిళ్ళ పెట్టి ఆ వెలుగును కప్పేస్తాం. ఒక్క నక్షత్రమైతే సరే. రెండుంటే, ఒకదాన్ని కప్పినా రెండోదాని వెలుగు పక్కనుంచి చింది బొమ్మంతా పాడుచేస్తుంది. అది ఎలా చిందుతుందో లెక్కగట్టి బొమ్మలోంచి తీసేయాలి. ఖనిజం దుమ్ము పట్టిన నాన్న తెల్లచొక్కా ఉతకడం లాంటి పనే అది. తక్కువ ఉతికితే ఎరుపు పోదు, మరీ ఉతికితే గుడ్డే పోతుంది. నెలల తరబడి ఉతికాను. చివరికి ఒక చుక్క మిగిలింది.

ఒక్క బొమ్మ చూసి ఎవరూ నమ్మరు. వేరే వేరే రంగుల్లో మళ్ళీ తీయాలి. గ్రహమైతే ఏ రంగులో చూసినా ఒకేచోట ఉంటుంది. చిందిన వెలుగైతే రంగు మారినప్పుడల్లా పక్కకి జరుగుతుంది. సెలవులకి ఇంటికొచ్చి ఇదంతా నాన్నకి చెప్పాను. "రెండు సూర్యుళ్ళ గ్రహం" అన్నంతవరకే విన్నాడు. మర్నాటికల్లా కాలనీ అంతా పాకింది. కూడికకి రోజు కూడా పెట్టేశాడు.

"ఆగు నాన్నా, ఇంకా ఖాయం కాలేదు."

"రిటైరైతే క్వార్టరు ఖాళీ సెయ్యాల గదే. మరి ఈ ఇంట్లో ఎప్పుడు సేస్తాం?"



వేరే రంగుల్లో తీసిన కొత్త బొమ్మలు సరిగ్గా కూడిక రోజు మధ్యాహ్నమే వచ్చాయి. బయట షామియానా వేస్తున్నారు. అమ్మ పెరట్లో కోళ్ళు కడుగుతోంది. లోపలి గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని రంగు మార్చాను. చుక్క జరిగింది. ఇంకో రంగు. ఇంకాస్త జరిగింది. ఇన్నేళ్ళ చదువూ, కళ్ళు కాయలు కాచిన ఎదురుచూపూ ఆ కాస్త జరుగుడులో పోయాయి. ఏడుపు కూడా రాలేదు.

నాన్న కొత్త చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటయిందే?"

"అది గ్రహం కాదు నాన్నా. రెండో నక్షత్రం వెలుగే."

బయట పాస్టరు గారి స్కూటరు ఆగింది.

"జనం వచ్చేస్తన్నారు" అని మాత్రం అన్నాడు.

ప్రార్థనలో లేచి నిలబడి, తన కూతురికి ఎవరికీ కనబడని గ్రహాన్ని చూపించినందుకు నాన్న దేవుడికి వందనాలు చెప్పాడు. మధ్యలో ఒకసారి ఆగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. సంతోషమనుకున్నారు అందరూ. ఆమెన్ అన్నారు. అమ్మ కూడా అంది, పాపం ఆవిడకింకా తెలియదు. నేను తల వంచుకున్నాను. నాన్న మీద అంత కోపం, అంత జాలి నాకెప్పుడూ కలగలేదు.

ఆ తర్వాత పరిశోధనలో నా చోటు పోయింది. ఇప్పుడు జగదల్‌పూర్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతున్నాను. క్వార్టరు ఖాళీ చేసి అమ్మానాన్నా గీదంలో అద్దెకి దిగారు. ఆ జంట నక్షత్రాల వైపు టెలిస్కోపు తిప్పమని అడిగే వీలు కూడా నాకిప్పుడు లేదు. నేను గీదం వెళ్ళినప్పుడల్లా నాన్న అడుగుతాడు.

"ఆ ఫోటో ఇంకోసారి సూడే తల్లీ."

"చూశాను నాన్నా. అక్కడేం లేదు."

"దేవుడికి వందనాలు సెప్పేసినాం గదే. ఉండాల మరి."

ఇక లాప్‌టాప్ తెరుస్తాను. నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని ముందుకు వంగుతాడు. ఒక్కో రంగూ మారుస్తాను. చుక్క ప్రతిసారీ జరుగుతుంది.