కిటికీ దగ్గర ఆరని వార్నీషు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మా అమ్మ నా మెడకు కట్టిన తాయెత్తును మద్రాసులో పనికి చేరిన కొత్తలోనే తీసి సంచిలో పడేసినవాణ్ణి. ఫలానా ఇంట్లో ఏదో తిరుగుతోందట అని ఎవరైనా అంటే, ఎలుకలై ఉంటాయిలే అని ఎకసెక్కం చేసేవాణ్ణి. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పడం లేదు. నా కళ్లతో చూసింది చెబుతాను, అంతే.

మద్రాసులో సముద్రం ఒడ్డు బంగళాల్లో చెక్క నేలలుండేవి. ఉప్పుగాలికి పలకలు ఉబ్బి, పాలీషు పొలుసులుగా లేచేది. దాన్ని గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ నునుపు తేవడం నా పని. ఆంధ్ర రాష్ట్రం వేరుపడినాక ప్రొద్దుటూరుకు తిరిగొచ్చేశాను. ఇక్కడ నా విద్య ఎవడిక్కావాలి? ఏ ఇంట్లో చూసినా నాపరాయే. తలుపులకూ బీరువాలకూ రంగులేసుకుంటూ పొట్టపోసుకున్నాను.

అట్లాంటప్పుడు పత్తి వ్యాపారం చేసే వెంకటేశు శెట్టి కబురు పెట్టాడు. వాళ్ల తాత ఎప్పుడో మోజుపడి మిద్దె మీది గదికి బర్మా టేకు పలకలు పరిపించాడట. ఏళ్ల తరబడి పత్తి మూటలు వేసి వేసి ఆ నేల గరుకు తేలి, పలకల సందుల్లో దుమ్ము గడ్డకట్టి ఉంది.

శెట్టి భార్య జయమ్మకు క్షయ. ఏడాది దాటింది, జమ్మలమడుగులో ఆసుపత్రిలో ఉంది. ఇద్దరు చిన్నపిల్లలు, వాళ్లను ఆమెకు చూపించలేదు. జబ్బు నెమ్మదించింది, ఇంటికి తీసుకుపోవచ్చునని డాక్టరు చెప్పాడు. కాకపోతే గాలి వచ్చే గది కావాలి, తడిగుడ్డతో తుడిస్తే దుమ్మంతా పోయే నేల ఉండాలి. అందుకే నేను.

"మస్తానూ, నువ్వెంత బిన్నా చేస్తే ఆమె అంత బిన్నా ఇల్లు చేరుతాదప్పా" అన్నాడు శెట్టి. అట్లా తొందరపెట్టేటప్పుడు అతని మొహం చూడాలి, పెళ్లికొడుకే.

శెట్టి తల్లి నాగమ్మకు మాత్రం ఇది గిట్టలేదు. ఆమెను చెడ్డదని అనను. మనవలంటే పంచప్రాణాలు. ఆ రోగం ఇంట్లోకొస్తే పిల్లలకు అంటుకుంటుందని ఆమె భయం. కొడుకు మొండికేశాడు కాబట్టి పళ్లు కొరుక్కుంటూ ఊరుకుంది.

అంత మనసు పెట్టి నేను ఏ దొర బంగళాలోనూ పని చెయ్యలేదు. మేకులన్నీ లోపలికి దిగగొట్టాను. సందుల్లో దుమ్ము గీకి, ఆ టేకు పొట్టునే జిగురుతో కలిపి కూరాను. గాజుపెంకుతో గీకాను, ఉప్పుకాగితంతో రుద్దాను, చెంప ఆనించి చూసుకున్నాను. గుగ్గిలం అవిసె నూనెలో కాచి, టేకు ఎరుపు తేలడానికి కాస్త జాజు కలిపి వార్నీషు చేశాను. ఇది త్వరగా ఆరదు. అందుకని లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి జరుగుతూ తలుపు దగ్గర తేలాలి. లేకపోతే మనమే లోపల ఇరుక్కుపోతాం.

చివరి పూత పొద్దుగూకేలోపు ముగించి బయటికొచ్చాను. నాగమ్మే తాళం వేసి చెవి బొడ్లో దోపుకుంది. మెట్ల మొదట్లోనే ఆమె మంచం. గదికున్న ఒకే ఒక కిటికీ నేల దాకా దిగి ఉంటుంది, దానికి ఇనుప కమ్ములు.

మరునాడు పొద్దున తాళం తీస్తే, నేల అద్దంలా మెరుస్తోంది. కిటికీ దగ్గర మాత్రం పూత చెదిరింది. రెండు మోకాళ్లు, రెండు అరచేతులు. ఎవరో మోకాళ్ల మీద కూర్చుని, చేతులు ఆనించి, కిటికీలోంచి కింద వాకిట్లోకి వంగి చూసినట్టు. తలుపు నుంచి అక్కడిదాకా ఒక్క అడుగు గుర్తు లేదు. ఇంకా జిగటగానే ఉన్న పూత, పిల్లి నడిచినా తెలిసిపోతుంది. యా అల్లా, అనుకున్నాను.

ఇది చూస్తే నాగమ్మ కోడల్ని రానివ్వదని, శెట్టి బతుకు చెడిపోతుందని నాకు అక్కడికక్కడే తెలిసింది. "అది నేనేనమ్మా, పూసేటప్పుడు చెయ్యి పెట్టినా" అని బొంకాను.

"ఏదీ, నీ చెయ్యి పెట్టి సూపియ్" అంది నాగమ్మ.

ఎట్లా చూపించను? ఆ గుర్తులో నా అరచెయ్యి సగం కూడా పట్టదు. పైగా ఎడమ చేతి చిటికెన వేలు పక్కకు వంకరపోయి ఉంది. నాగమ్మ దాన్ని చూసి గోడకు ఆనుకుని, కొడుకు వైపు తిరిగింది.

"ఇది జయ చెయ్యిరా. రోట్లో నలిగిన వేలు, నేనే కట్టు కట్టినా. పానంతో ఉండే మనిషి ఇట్ల వచ్చాదా? ఆడ ఉండేది మన జయ కాదు. దాన్ని తెచ్చి పిల్లోల్ల నెత్తిన పెడతావా?"

శెట్టి అప్పటికప్పుడే జమ్మలమడుగుకు బయలుదేరాడు. ఆమె పోయిందేమోనని అతని భయం. తోడు రమ్మంటే నా పని సంచి భుజానేసుకుని బస్సెక్కాను.

జయమ్మ బతికే ఉంది. వరండాలో బెంచీ మీద, మూట కట్టుకుని కూర్చుని ఉంది. మొగుణ్ణి చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. లేచి రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు చేతులు కొంగు కింద దాచుకుంది. నన్ను ఆమె ఎరగదు. నేల పని చేసేవాణ్ణని చెప్పాను.

"అన్నా, రంగులేసేవానివి కదా, నీకు తెలిసుంటాది, సూడు" అని చేతులు చాపింది. "పొద్దున లేస్తానే ఇట్ల ఉండాయి. ఎంత సబ్బు రుద్దినా పోలా."

రెండు అరచేతులకూ నా వార్నీషు. జాజు రంగు, గుగ్గిలం వాసన. నా చేత్తో కాచిన సరుకు నాకు తెలియదా!

శెట్టి వెనక్కి జరిగాడు. నాకు ఏం చెయ్యాలో తోచక, సంచిలోంచి కిరసనాయిలు గుడ్డ తీసి ఆమె చేతులు తుడవడం మొదలుపెట్టాను. అవి మామూలు మనిషి చేతులు, వెచ్చగా ఉన్నాయి. ఆమె మాత్రం మొగుడితో సంబరంగా చెప్పుకుంటోంది.

"రాత్రి కలొచ్చింది. మన మిద్దె కిటికీ కాడ కూచోని కిందికి చూస్తాండా. పిల్లోల్లిద్దరూ వాకిట్లో పండుకోనుండారు. పెద్దోని మీద దుప్పటి జారిపొయింది. పిలిస్తే లెయ్యలేదు. శానా ఎదిగినాడు కదా?"

ఆ ఇంట్లో పిల్లలు ఎప్పుడూ అవ్వ పక్కనే లోపల పడుకుంటారు. ముందురాత్రి ఉక్కకు తాళలేక వాకిట్లో పడుకున్నారు. అది శెట్టికి తెలుసు.

"రేపు బండి కట్టుకోని వస్తా జయా" అన్నాడు.

తిరుగు బస్సులో ఏడ్చాడు. "పిల్లోల్లుండే ఇల్లప్పా మస్తానూ, నేనేం చేసేది" అన్నాడు. నేను బతిమాలాను, తిట్టాను కూడా. తల్లి చాటు బిడ్డ, నా మాట ఏం చెవికెక్కుతుంది? మరునాడు బండి పోలేదు. ఆ మరునాడూ పోలేదు. నేను కిటికీ దగ్గర మళ్లీ గీకి, రుద్ది, పూత వేశాను. ఏ గుర్తూ లేకుండా చేశాను. ఆ నేల మీద ఎవరూ కాలు పెట్టలేదు.

వానలు పడ్డాక జమ్మలమడుగులో ఏదో పని పడితే, మనసు ఊరుకోక ఆసుపత్రికి పోయాను. జయమ్మ మంచాన పడి ఉంది. మొహంలో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. మూట మాత్రం తల దగ్గరే పెట్టుకుంది. నేల ఇంకా ఆరలేదని ఇంటి నుంచి కబురు పంపుతున్నారట.

"ఇంగా ఆరలేదా అన్నా?" అని అడిగింది.

"ఆరలేదు తల్లీ. వానలు కదా" అన్నాను.

"బిన్నా ఎవురూ లోపలికి పోవద్దులే. పిల్లోల్ల కాళ్లకు అంటుకుంటాది" అంది.

ఆ నెలలోనే పోయింది. శవాన్ని కూడా ఇంటికి తేలేదు, అటునుంచి అటే శ్మశానానికి తీసుకుపోయారు.

మసీదు హజరత్‌ను అడిగితే జిన్నుల పని అన్నాడు. డాక్టరును అడిగితే ఆసుపత్రిలో ఎక్కడో రంగు తగిలి ఉంటుందన్నాడు. అక్కడ ఏ తలుపుకూ కొత్త రంగు లేదు, నేను తిరిగి తిరిగి చూశాను. ఆ వార్నీషు ఆమె చేతులకు ఎట్లా అంటిందో నేను చెప్పలేను. మనిషిగా వచ్చిందో, మరోలా వచ్చిందో, వచ్చింది తన పిల్లల మీద దుప్పటి ఉందో లేదో చూసుకోవడానికే కదా. ఆమెను ఇంట్లోకి రానివ్వకపోవడానికి అదే ఎట్లా కారణమైందో, అది కూడా నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.